నెల్లూరు మినీ బైపాస్ పక్క వీధిలోని జావ దుకాణం: నాలుగు నెలల అనుభవం

మధ్యాహ్న భోజనం తరువాత అయిదో పీరియడుకు తరగతిలోకి వెళ్లేసరికి కాళ్లు బరువెక్కడం, బల్లపై రాయడానికి చేయి ఎత్తాలంటే శక్తినంతా కూడదీసుకోవలసి రావడం, సాయంత్రం బస్సు పెన్న వంతెన దాటేటప్పటికి కళ్లు మూతలు పడడం నాకు కిందటి చలికాలం నుంచి నిత్యకృత్యంగా మారాయి. కోవూరు దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే నాకు నలభై నాలుగేళ్లు. వయసుతో వచ్చిన బడలికే అనుకొని, రోజుకు రెండు కాఫీలు తాగేదాన్ని నాలుగుకు పెంచాను. ఫిబ్రవరి మూడో వారంలో తోటి ఉపాధ్యాయురాలు ఒకరు, తాను పొద్దున్నే నడకకు వెళ్లి తిరిగి వచ్చే దారిలో జావ తాగుతున్నానని, తనకు ఓపిక పెరిగిందని చెప్పి నన్ను కూడా వెంట తీసుకువెళ్లారు. అప్పటి నుంచి జూన్ చివరి దాకా వారానికి అయిదు రోజులైనా ఆ దుకాణానికి వెళ్లాను. మందులూ పొడులూ లేకుండా రోజువారీ ఓపిక పెంచుకోవాలనుకునే నెల్లూరు వాళ్లకు ఆ దుకాణం ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో నా అనుభవం నుంచి చెప్పదలచాను.

దుకాణం మినీ బైపాస్ రోడ్డు మీద కాక, మాగుంట లేఅవుట్ వైపు లోపలికి తిరిగే ఒక వీధిలో ఉంది. ముందు రేకుల పందిరి, లోపల ఒకే గది, గోడకు ఆనించిన రెండు బల్లలు, బయట పది ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. నడుపుతున్న దంపతులు కనిగిరి ప్రాంతం నుంచి వచ్చినవారు. సజ్జలు, కొర్రలు, రాగులు తమ బంధువుల పొలాల నుంచీ, అటువైపు సంతల నుంచీ తెచ్చుకుంటామని చెబుతారు. మొలగొలుకుల బియ్యపు అన్నం గురించి గొప్పగా చెప్పుకొంటూ పెరిగిన మన నెల్లూరులో, నాలుగు చినుకులతో పండే మెట్ట పంటల రుచిని పొద్దున్నే ఇంతమందికి అలవాటు చేయడం చిన్న పని కాదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఊరంతా ఇలాంటి బండ్లు చాలా వెలిశాయి. వాటిలో నేను రుచి చూసిన నాలుగైదింటితో పోల్చి చెబితే, గింజ ఎంపికలోనూ కాచే పద్ధతిలోనూ వీరి శ్రద్ధ మిగిలినవారికి లేదు.

ఆ పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జావ విలువంతా అందులోనే ఉంది. రాత్రి తొమ్మిది గంటలకు రాగి పిండిని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మూత పెట్టి తెల్లవారుదాకా పులవనిస్తారు. నాలుగున్నరకు ఎసరు కాగిన తరువాత ఆ పిండిని సన్నటి ధారగా పోస్తూ, అడుగంటకుండా తెడ్డుతో కలుపుతూ అరగంట సేపు సన్న మంట మీద ఉడికిస్తారు. చల్లారిన తరువాతే మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి, పక్కన ఒక చల్లమిరపకాయ పెట్టి ఇస్తారు. రాగులలోనూ ఇతర ధాన్యాలలోనూ ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం ఉండి, ఇనుమును, జింకును పట్టుకొని ఒంటికి అందకుండా చేస్తుంది. పిండి పులిసినప్పుడు ఆ పదార్థం కొంతవరకు విరిగిపోతుంది కనుక, అదే పిండి నుంచి ఖనిజాలు మరి కాస్త మెరుగ్గా అందుతాయి. మన పెద్దవాళ్లు అంబలిని పులియబెట్టడం రుచి కోసమే అనుకొనేదాన్ని. పొద్దున్నే పిండి కలిపి పది నిమిషాల్లో కాచి ఇచ్చే బండ్ల దగ్గర ఈ లాభం దొరకదు. కడుపులో బరువుగా కూడా ఉంటుంది.

సజ్జ జావ విషయంలో వీరి నిజాయితీ నాకు ఇంకా బాగా నచ్చింది. సజ్జల్లో కొవ్వు పదార్థం చాలా ధాన్యాల కంటే ఎక్కువ కాబట్టి, పిండి పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కి ముక్క వాసన వస్తుంది. అందుకే వీరు రెండు రోజులకు సరిపడే పిండి మాత్రమే పట్టిస్తారు. ఒకరోజు సజ్జ జావ అడిగితే, "పిండి వాసన పట్టిందమ్మా, ఈ పూటకు రాగి తాగండి, రేపు కొత్తది పట్టిస్తాను" అని ఆవిడ వెనక్కి పంపారు. అమ్ముకోగలిగిన సరుకును పక్కన పెట్టిన ఆ మాట విన్న తరువాత నాకు ఆ దుకాణం మీద నమ్మకం కుదిరింది. కొర్రలు కూడా పాలిష్ పట్టినవి కాకుండా, పై పొట్టు మాత్రమే తీసిన పసుపుపచ్చ గింజలు వాడతారు. తెల్లగా మెరిసే కొర్రల్లో తవుడు పోయి, తవుడుతోపాటు పీచు, ఇనుము చాలావరకు పోతాయి.

అయితే ఒక గ్లాసు జావ తాగితే మధ్యాహ్నం దాకా ఓపికగా ఉంటుందన్న మాటను లెక్కల టీచరుగా నేను ఒప్పుకోలేను. మొదటి వారం జావ ఒక్కటే తాగి బడికి వెళితే పదకొండు గంటలకే కళ్లు తిరిగినట్లయింది. కారణం వెతికితే లెక్క చాలా సులువుగానే తేలింది. గ్లాసుకు ముప్పై గ్రాముల పిండి పడుతుందని ఆవిడే చెప్పారు. వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 320 కేలరీలు, ఏడు గ్రాముల మాంసకృత్తులు, 350 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంటాయి. అంటే గ్లాసు జావలో పిండి నుంచి వచ్చేది వంద కేలరీలు, రెండు గ్రాముల మాంసకృత్తులు మాత్రమే. కాల్షియం వంద మిల్లీగ్రాముల దాకా వస్తుంది కనుక ఆ విషయంలో రాగికి పేరు రావడం న్యాయమే కానీ, నిలబడి ఆరు పీరియడ్లు పాఠం చెప్పే మనిషికి ఆ వంద కేలరీలు ఎంతసేపు నిలుస్తాయి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం శరీర బరువులో ప్రతి కిలోకూ రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోలున్న మనిషికి అది యాభై గ్రాములు. నాలాగే చాలామంది ఇళ్లలో పొద్దున ఇడ్లీ లేదా కారం దోశ, మధ్యాహ్నం పెద్ద కుప్ప అన్నం, పల్చటి చారుతో సరిపెట్టుకొని, ఆ యాభైని చేరుకోరు.

అందువల్ల రెండో వారం నుంచి జావతోపాటు మొలకలు, ఒక ఉడికించిన గుడ్డు తీసుకోవడం మొదలుపెట్టాను. పెసలు, శనగలు, కొద్దిగా మెంతులు కలిపి మొలకెత్తించి, ఆవిరి మీద అయిదు నిమిషాలు ఉంచి, నిమ్మకాయ రసం పిండి, పచ్చి కొబ్బరి తురుము చల్లి ఇస్తారు. పచ్చి మొలకలు అరగని నాలాంటి వాళ్లకు ఆ ఆవిరి పట్టడం పెద్ద మేలు; పచ్చి మొలకల్లో పెరిగే సూక్ష్మజీవుల భయం కూడా దానితో తగ్గుతుంది. గిన్నెడు మొలకల నుంచి ఏడెనిమిది గ్రాములు, గుడ్డు నుంచి ఆరు గ్రాములు మాంసకృత్తులు అందుతాయి. ఈ మూడూ కలిసినప్పుడే పన్నెండున్నర దాకా ఆకలి వేయకుండా, తల దిమ్ముగా లేకుండా పని చేయగలిగాను. దుకాణానికి వెళ్లేవారికి నా మొదటి సలహా ఇదే: జావ ఒక్కటే తాగి వచ్చేయకండి.

బెల్లం జావ జోలికి వెళ్లవద్దన్నది నా రెండో సలహా. గ్లాసుకు మూడు చెంచాల బెల్లం పాకం పోస్తారు, రుచి అద్భుతమే. కానీ బెల్లంలో ఉన్నది ప్రధానంగా చక్కెరే. అందులోని ఇనుము మనం వాడే కొద్ది మోతాదుకు లెక్కలోకి రాదు, రక్తంలో గ్లూకోజును పెంచడంలో పంచదారకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా మెత్తటి పిండిని పల్చగా బాగా ఉడికించినప్పుడు అది గింజగా నమిలి తిన్నదానికంటే వేగంగా అరుగుతుంది. ఈ రెండూ కలిస్తే తాగిన గంటసేపు ఉత్సాహంగా ఉండి, ఆ తరువాత మళ్లీ నీరసం కమ్ముకోవచ్చు. దుకాణం ముందు మాత్రం "షుగర్ తగ్గించే రాగి జావ" అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. మధుమేహం ఉన్న మా పక్కింటి పెద్దాయన ఆ బోర్డు చూసి రోజూ రెండు గ్లాసుల బెల్లం జావ తాగి, పరీక్షలో చక్కెర పెరిగి డాక్టరుతో చీవాట్లు తిన్నారు. ఇంత శ్రద్ధగా గింజ ఎంచే మనుషులు ఆ బోర్డును అలాగే ఉంచడం నాకు బాధ కలిగించింది, ఆ మాట వారికే చెప్పాను. "బోర్డు రాసే అబ్బాయి అట్నే రాసినాడమ్మా, అందరూ అట్నే రాయిస్తారు" అన్నారు. జూన్ చివరికి కూడా అది మారలేదు. మధుమేహం ఉన్నవారు మజ్జిగ జావ చిక్కగా అడిగి ఒక్క గ్లాసుతో ఆపి, మొలకలు ముందు తిని, గంటన్నర రెండు గంటలకు తమ రీడింగు తామే చూసుకొని నిర్ణయించుకోవడం మంచిది.

ఇక నా నీరసం అసలు సంగతికి వస్తాను. మార్చి మొదటి వారంలో, మెట్లు ఎక్కితే గుండె దడదడలాడుతోందని రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9.6 అని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తగ్గితే రక్తహీనత. మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మధ్య ఉన్న స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతూనే ఉంది; అయినా లెక్కల పుస్తకంలో అంకెలా చదివానే తప్ప, అందులో నేనూ ఉంటానని ఊహించలేదు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడమే నా విషయంలో కారణమని డాక్టరు గారు చెప్పి, దానికి చికిత్సతోపాటు ఇనుము మాత్రలు రాశారు. సజ్జ జావ తాగుతున్నాను కదా అని అడిగితే, లెక్క వేసుకోమన్నారు. వంద గ్రాముల సజ్జల్లో ఆరేడు మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. గ్లాసులో పడే పిండికి అది రెండు మిల్లీగ్రాములకు మించదు, అందులో ఒంటికి పట్టేది కొద్ది భాగమే. నా వయసు స్త్రీకి రోజుకు ఆహారంలో కావలసింది 29 మిల్లీగ్రాములు. తగ్గిపోయిన నిల్వలను జావతో నింపడం పెన్నలో చెంబుతో నీళ్లు పోయడం లాంటిదే. రెండు మూడు వారాలు దాటిన నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 లోపం, మధుమేహం వంటివి కారణం కావచ్చు కనుక, ఏ జావ మొదలుపెట్టకముందే రక్తపరీక్ష చేయించుకోవాలని ప్రతి ఒక్కరినీ, ముఖ్యంగా నా తోటి స్త్రీలను బతిమాలుతున్నాను.

ఇనుము మాత్రను జావతోనూ, మజ్జిగతోనూ, కాఫీ టీలతోనూ వేసుకోవద్దని డాక్టరు గారు అన్నారు. పాలపదార్థాల్లోని, రాగుల్లోని కాల్షియం, కాఫీ టీలలోని టానిన్ల వంటి పదార్థాలు ఇనుమును అడ్డుకుంటాయి; సి విటమిన్ మాత్రం దాన్ని ఒంటికి పట్టేలా చేస్తుంది. ఈ దుకాణంలోని ఉసిరి రసం ఇక్కడే నాకు అక్కరకు వచ్చింది. ఉసిరిలో సి విటమిన్ నారింజ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చక్కెర వేయకుండా, ఉప్పు, అల్లం చేర్చి తీసిన రసాన్ని చిన్న సీసాలో ఇంటికి తెచ్చుకొని, సాయంత్రం మాత్రతోపాటు తాగాను. మొలకల మీద నిమ్మరసం పిండడంలో ఉన్న మేలు కూడా ఇదే. జూన్ పరీక్షలో హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. ఆ పెరుగుదలలో ప్రధాన భాగం మాత్రలది, చికిత్సది అని ఒప్పుకొని తీరాలి.

అలాగని దుకాణానికి నా ఓపికలో వాటా లేదని కాదు. జావ అయిపోతుందన్న తొందరతో అయిదున్నరకే లేచి, నలభై నిమిషాలు నడిచి, ఆరున్నర ఎండ ముఖాన పడుతుండగా అక్కడికి చేరుకునే అలవాటు నాకు ఈ దుకాణం వల్లే కుదిరింది. ఉదయపు వెలుగు కంటికి సోకితే శరీరంలోని గడియారం సరిపడి, రాత్రి నిద్ర కూడా వేళకు వస్తుంది. పదకొండున్నర దాకా ఫోను చూసే నేను పదికే పడుకోవడం మొదలుపెట్టాను. మన ఊళ్లో నిద్ర మాట ఎత్తితే దోమల మాట ఎత్తక తప్పదు: గుడ్‌నైట్ బిళ్లలతో గడిపే మా ఇంట్లో మళ్లీ దోమతెర కట్టిన తరువాతే, మధ్యలో మెలకువ రాకుండా ఏడు గంటల నిద్ర పట్టింది. నాలుగు కాఫీలను రెండుకు తగ్గించి, మధ్యాహ్నం రెండు దాటితే ముట్టడం మానేశాను. కాఫీలోని కెఫీన్ శక్తిని ఇవ్వదు, అలసటను మెదడుకు తెలియనివ్వకుండా కొంతసేపు అడ్డుపడుతుంది; తాగిన దానిలో సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది కనుక, సాయంత్రం అయిదింటి కాఫీ రాత్రి పదికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. నాలుగు గంటల కాఫీ స్థానంలో ఈ దుకాణపు నువ్వుల ఉండ ఒకటి, గుప్పెడు వేయించిన శనగలు తింటున్నాను. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర పెంచి, తిన్న తరువాత బడి ఆవరణలో పది నిమిషాలు నడుస్తున్నాను. అయిదో పీరియడు నిద్రమత్తు తగ్గడానికి వీటన్నిటికంటే ఆ పది నిమిషాల నడకే ఎక్కువ తోడ్పడిందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ దుకాణంలో నేను కొని చింతించిన వస్తువు ఒక్కటే, "శక్తి మాల్ట్" అని గాజు సీసాల వరుసలో పెట్టిన అరకిలో పొడి ప్యాకెట్టు. ధర 350 రూపాయలు. అది వీరు చేసింది కాదు, బయటి నుంచి తెచ్చి అమ్ముతున్నది. ఇంటికి వచ్చి చదివితే పదార్థాల వరుసలో మొట్టమొదటి పేరు చక్కెర. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాయాలి కాబట్టి, ఆ ప్యాకెట్టులో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది చక్కెరే అన్నమాట. పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య గానీ, తయారైన తేదీ గానీ దాని మీద లేవు. తిరిగి ఇవ్వబోతే తీసుకున్నారు, డబ్బూ ఇచ్చారు; కానీ వరుసలోని మిగిలిన ప్యాకెట్లు అక్కడే ఉన్నాయి. పిల్లలకు బలం వస్తుందని తల్లులు కొనుక్కుపోవడం నేను కళ్లారా చూశాను. ఆ డబ్బుతో రాగులు కొని, మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించుకుంటే నెలలకు సరిపడే పొడి ఇంట్లోనే తయారవుతుంది.

వేసవి గురించి రెండు మాటలు చెప్పాలి. ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు కూర్చున్న రోజుల్లో, రోహిణీ కార్తెలో బయటికి అడుగుపెట్టలేని రోజుల్లో, నీరసానికి సగం కారణం ఒంట్లోంచి చెమటగా పోయే నీరూ ఉప్పూ అని బాగా తెలిసివచ్చింది. అప్పుడు మజ్జిగ కలిపిన ఉప్పు జావకు సాటి వచ్చేది లేదు. ఒక లీటరు స్టీలు సీసాలో పల్చగా కలిపించుకొని వెళ్లి, పన్నెండు లోపు తాగేదాన్ని. సజ్జలు వేడి చేస్తాయన్న వాడుక వల్ల ఏప్రిల్ నుంచి సజ్జ జావ ఆపి, ఆ స్థానంలో కొర్ర అంబలి పెడతారు, అదీ బాగుంది. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు తగ్గించమని ముందే చెప్పాలి, ఎందుకంటే వీరి చేయి ఉప్పు దగ్గర ధారాళం, చల్లమిరపకాయలో మరింత ఉప్పు ఉంటుంది.

శుభ్రత విషయంలో తాగే నీటికి, జావకు ఆర్వో నీళ్లే వాడతారు, స్టీలు గ్లాసులను వేడినీళ్లతో కడుగుతారు. మురుగు కాలువ పక్కనే ఉండడం వల్ల వానపడిన రోజు బయటి కుర్చీల్లో కూర్చోవడం కష్టం. రాగి జావ 20, సజ్జ జావ, కొర్ర అంబలి 25, మొలకలు 30, గుడ్డు 10, ఉసిరి రసం 20, నువ్వుల ఉండ 10 రూపాయలు. నేను తినే ఉదయపు ఆహారానికి అరవై రూపాయలవుతుంది. హోటల్లో కారం దోశ, కాఫీకి అయ్యే ఖర్చుకు ఇది మించదు. మునగాకు కారం కూడా అమ్ముతారు, అది రుచికీ మేలుకీ రెండిటికీ కొనదగినది.

ఉదయం అయిదున్నర నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, అమావాస్య రోజు మూసివేస్తారు. మొలకలు ఏడున్నరకే అయిపోతాయి. జావ చిక్కగా కావాలంటే మజ్జిగ కలపకముందే చెప్పాలి. సీసా తీసుకువెళితే ఇంటికి కూడా పోసి ఇస్తారు.